ఆ చీటీకి నా జవాబు

మొన్న మన తెలుగు సంఘం ఉగాదికి పంచాంగ శ్రవణం అయ్యాక డాక్టరుగారితో ఆరోగ్య ముచ్చట్లు పెట్టారు కదా, పేర్లు రాయకుండా చీటీలు వెయ్యమన్నారు. నాలుగో చీటీ ఇది: "మా ఆయన నొప్పి బిళ్ళల అలవాటు మానేసి నాలుగు నెలలైంది. ఇంట్లో యూరిన్ టెస్ట్ చెయ్యొచ్చా?" మైకు పట్టుకున్నాయన అది చదివి, "ఎవరమ్మా అది, ఇంట్లోనే పోలీస్ స్టేషన్ పెట్టేశారే!" అన్నాడు. హాలంతా నవ్వింది. డాక్టరుగారు నోరు తెరిచేలోపే విటమిన్ డి చీటీ వచ్చేసింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టనిది అందుకే.

ఆ చీటీ నాది కాదు. ఏడేళ్ళ కిందటైతే నాదే అయ్యుండేది.

మా ఆయనకి నడుం ఆపరేషన్ తర్వాత ఆక్సికొడోన్ రాశారు, నల్లమందు జాతి నొప్పి బిళ్ళ అది, అలవాటు పడితే వదలదు. నొప్పి తగ్గింది, బిళ్ళ మాత్రం వదల్లేదు. ఆ రెండేళ్ళ సంగతులు ఇక్కడ రాయను (ఇది ఆయన చదివాకే పంపుతున్నాను, ఒక వాక్యం కొట్టేశాడు కూడా). మానాక టెస్ట్ పెట్టమని అడిగింది ఆయనే. "రోజూ నా మొహం చూసి లెక్కలేస్తున్నావు, దానికన్నా ఇది నయం" అన్నాడు. కౌన్సెలర్ ముందు కూర్చుని ఒప్పందం రాసుకున్నాం. వారానికి రెండుసార్లు, ఏ రోజన్నది ముందు చెప్పకూడదు, తేడా వస్తే మేమిద్దరం పోట్లాడుకోకుండా ముందు కౌన్సెలర్‌కి ఫోన్ చెయ్యాలి.

ఆ ఏడు పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరకి విజయనగరం వెళ్ళాం. సూట్‌కేసులో చాక్లెట్ల కింద టెస్ట్ కార్డులు. మంగళవారం మూడు లాంతర్ల దగ్గర జనంలో నలిగి, సిరిమాను మీదికి అరటిపళ్ళు విసిరి, ఇంటికొచ్చేసరికి అత్తయ్య కోడికూర వండి ఉంచింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను, ఆయన ఎన్నిసార్లో లెక్క లేదు.

బుధవారం పొద్దున్నే పెరట్లో నూతిగట్టు మీద కార్డు పెట్టి చూస్తున్నాను. తెలియనివాళ్ళకి చెబుతున్నా, ఈ కార్డులో గీత వస్తే ఏమీ లేనట్టు, లేతగా వచ్చినా సరే. రాకపోతేనే అనుమానం. ఓపీఐ అన్న గడిలో, అంటే మార్ఫిన్‌లాంటి నల్లమందు మందుల్ని చూసే గడిలో, గీత రాలేదు.

"నేనేం వేసుకోలేదు" అన్నాడు, భుజాన తువ్వాలుతో నిలబడి. ఆ రెండేళ్ళూ నేను విన్న మాట అదే, అదే గొంతుతో. ఇంకేం ఒప్పందం! అనకూడనివన్నీ అన్నాను, అదీ గోడ అవతల పక్కింటి పిన్నిగారికి వినపడకుండా, పళ్ళ బిగువున. ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు.

అత్తయ్య వచ్చి కార్డు చూసింది. "ఏటమ్మా అది, షుగరా?" ఊఁ అన్నాను. "నిన్న కూర బాగుందన్నాడని ఈయాల కూడా గసగసాలు నూరతన్నాను. కాసింత ఎక్కువే ఏసేన్లే."

గసగసాలు! నల్లమందు మొక్క గింజలే కదా, కాయలోని పాలు అంటుకుని మార్ఫిన్ ఆనవాళ్ళు గింజలమీద ఉండిపోతాయి. ఇంటి కార్డులు చాలావాటికి హద్దు మిల్లీలీటరుకి 300 నానోగ్రాములు, అది దాటితే గీత రాదు. అమెరికా ప్రభుత్వం ఉద్యోగుల పరీక్షల్లో ఆ హద్దుని 1998లోనే 2000కి పెంచింది, ఈ గసగసాల గొడవ పడలేకే. నాకు ఇప్పటికీ సిగ్గనిపించేది ఇంకొకటుంది. ఆక్సికొడోన్‌కి అదే కార్డులో వేరే గడి ఉంది, అందులో గీత నిక్షేపంలా ఉంది. నేను అటు చూడనే లేదు.

మనవాళ్ళు అన్నీ దాస్తారని ఈ పత్రికలోనే తిట్టినదాన్ని నేను. దాచడం తప్పే. కానీ అత్తయ్య ఆ రోజు పిన్నిగారితో "అబ్బాయికి షుగరు చూస్తంది కోడలు" అని చెప్పి, నన్ను ఇంకొక్క మాట అడగలేదు. షుగరుకి గసగసాలు పడవని నేనే బొంకాను. ఏడేళ్ళుగా ఆవిడ పంపే మసాలా పొట్లం మీద "గసగసాలు లేవు" అని పెన్సిల్‌తో రాసి ఉంటుంది. ఆవిడకి ఎంత తెలుసో నేను అడగలేదు.

కార్డు మంచిదా చెడ్డదా అంటే, నాకు నిద్ర పట్టించింది, నన్ను జైలర్నీ చేసింది. రెండూ నిజమే. దానికి అన్నీ కనిపించవు కూడా, ఫెంటనిల్ అని మార్ఫిన్‌కన్నా చాలా ఘాటైన మందుంది, మామూలు ఓపీఐ గడి దాన్ని పట్టుకోదు. అయినా ఆ ప్రశ్న అడగడానికి ఒక మనిషికి ఎంత ధైర్యం కావాలి!

కమిటీవారూ, దసరాకి ఒక్క గది ఇప్పించండి, మైకు లేకుండా, ఫొటోలు లేకుండా. చీటీలు ముందు డాక్టరుగారే చదవనివ్వండి. హాల్లో ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో నార్కాన్ స్ప్రే కూడా ఒకటి ఉంచండి, ఇలాంటి మందు మోతాదు మించినవాళ్ళకి ముక్కులో కొట్టే విరుగుడు అది, ఇక్కడ అమెరికాలో 2023 నుంచి డాక్టరు ప్రిస్క్రిప్షన్ లేకుండానే అమ్ముతున్నారు. మానేసిన మనిషి ఒళ్ళు పాత మోతాదుకి తట్టుకోదు, మళ్ళీ అంతే వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

చీటీ రాసినమ్మా, టెస్ట్ చెయ్యొచ్చు. ఆయనకి చెప్పే చెయ్యి, దొంగచాటుగా వద్దు. తేడా వస్తే అరిచేముందు ల్యాబుకి పంపించు. దానికన్నా ముందు, నిన్న ఏం వండావో గుర్తు తెచ్చుకో.