‘దారిలో ఉన్నాను’ అనే అబద్ధానికి బహిరంగ లేఖ

చిరంజీవి ‘దారిలో ఉన్నాను’కు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. ఆదివారం నుంచి నా బుర్ర కుశలంగా లేదు గనుక, నీ ముందు మరో అబద్ధమెందుకని ఆ మాట వదిలేస్తున్నాను.

ఆ రోజు పన్నెండింటికల్లా కూకట్‌పల్లిలో మా బావమరిది ఇంటికి భోజనానికి చేరవలసి ఉండగా, దిల్‌సుఖ్‌నగర్‌లో తలకు నూనె పట్టించుకుని కూర్చున్న నేను, ఫోను మోగగానే ‘మెట్రోలో ఉన్నాను, అమీర్‌పేట దాటాను’ అన్నాను. ‘ఇంకా స్నానం కాలేదు’ అన్న నిజం నాలుక చివరే ఉంది, దానికి ఏ శ్రమా అక్కరలేదు. నీకోసమైతే ముందు దాన్ని నొక్కిపట్టాలి, దాని చోట ఇంకొకటి కల్పించాలి, ఆ కల్పన అవతలివాడికి తెలిసినదానితో పొసగాలి, అతని గొంతులో అనుమానం పలుకుతోందేమో చెవి ఒగ్గి వినాలి, ఏం చెప్పామో రాత్రిదాకా గుర్తుంచుకోవాలి. ఈ చాకిరీలో ఎక్కువ భాగం నొసటి వెనకనున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మీద పడుతుందని, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కానర్లలో మనుషుల చేత అబద్ధాలాడించి చూసినవారు రాశారు. శరీరం బరువులో 2 శాతమే ఉండే మెదడు ఊరికే ఉన్నా శక్తిలో ఐదోవంతు తినేస్తుందట. అందులో నీ వాటా ఎంతో తెలియదు గానీ, రెండోసారి పులిహోర వడ్డించుకోవడానికి నిన్నే సాకుగా చెప్పుకున్నాను.

‘అబద్ధమాడినా అతికినట్టుండాలి’ అన్న మాట నీ గొప్ప చాటడానికి పుట్టిందనుకునేవాణ్ణి. అతికించడానికి కావలసిన బంకంతా నాదేనని ఆ పులిహోర దగ్గరే తెలిసింది.

ఎందుకంటే మా బావమరిది సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాడు. ‘మెట్రో అంత నిశ్శబ్దంగా ఉందేమిటి బావగారూ?’ అని ఫోనులోనే అడిగితే మైకు పాడైందన్నాను. అంటే అప్పటికే నీకొక తమ్ముడు పుట్టాడు. విస్తరి ముందు కూర్చున్నాక, ‘కూకట్‌పల్లి నుంచి వెనక్కి స్టేషన్లు చెప్పండి’ అన్నాడు. కథను చివరి నుంచి మొదటికి చెప్పించడం, అబద్ధమాడేవాడి బుర్రకు బరువు పెంచడానికి పరిశోధకులు పరీక్షించి చూసిన పద్ధతి. ఆటోలో వచ్చిన నేను బాలానగర్, మూసాపేట అని, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా కొయ్యబారిపోయాను. అబద్ధాలకోరు చూపులు తిప్పుతాడనీ కాళ్లాడిస్తాడనీ లోకం నమ్ముతుంది. బుర్ర బరువెక్కినవాడు తరచుగా కదలడమే తగ్గిస్తాడని ఆ మాజీ పోలీసుకు తెలుసు.

అబద్ధాలు పట్టే యంత్రమని పేరుపడ్డ పాలిగ్రాఫ్ కొలిచేది ఊపిరినీ రక్తపోటునూ చెమటనూ, నిన్ను కాదు. దాన్నైనా, మెదడు తరంగాలను చదివే బ్రెయిన్ మ్యాపింగ్‌నైనా మనిషి సమ్మతి లేకుండా ప్రయోగించరాదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో తేల్చింది. బావమరిది ఇంటి భోజనాలకు ఆ రక్షణ వర్తించదు కాబోలు.

అయినా నీ మీద నా అసలు ఫిర్యాదు శ్రమ గురించి కాదు, అది తగ్గిపోతుండటం గురించి. స్వలాభానికి పదేపదే అబద్ధమాడినవారిలో భావోద్వేగాలకు స్పందించే మెదడు భాగమైన అమిగ్డలా స్పందన క్రమంగా సన్నగిల్లిందనీ, అది ఎంత తగ్గితే తర్వాతి అబద్ధం అంత పెరిగిందనీ 2016లో లండన్ పరిశోధకులు ప్రకటించారు. నా సంగతే చూడు: ఐదేళ్ల కిందట ‘బయలుదేరుతున్నాను’ దగ్గర ఆగేవాణ్ణి, తర్వాత ‘బయలుదేరాను’ అన్నాను, ఇప్పుడు నూనె తలతో జంకూగొంకూ లేకుండా అమీర్‌పేట దాటేశాను. ఆ లైను ప్రస్తుతానికి మియాపూర్‌తో ఆగిపోతుంది గనుక, అంతకు మించి నన్ను తీసుకుపోలేవన్నదొక్కటే నాకు ధైర్యం.

ఇట్లు,
నీ జీతంలేని గుమాస్తా