ముందద్దం మీద మిగిలిన జాగా

కారు ముందద్దం పగిలితే దాని యజమాని బాధపడేది గాజు గురించి కాదు, గాజు మీద అంటించినవాటి గురించి. ఆ బాధలో న్యాయం ఉంది. గాజుదేముంది, డబ్బు పారేస్తే దొరుకుతుంది. ఎమ్మెల్యే గారి బొమ్మ ఉన్న స్టిక్కరు మళ్లీ సంపాదించాలంటే ఎవరెవరి గుమ్మాలు తొక్కాలో!

కాబట్టి కొత్త అద్దం ఎంచుకునేవారు మొట్టమొదట చూడవలసింది దాని విస్తీర్ణం. ఎడమ మూల అపార్ట్‌మెంటు పార్కింగ్ చీటీకి పోతుంది. కుడి మూల 'అడ్వకేట్', 'డాక్టర్', 'ప్రెస్'లలో ఏదో ఒకదానికి, మూడూ ఉన్న ఇళ్లలో మూడింటికీ. పైన ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పిల్లల పేర్లు. ఇలవేలుపు సరిగ్గా డ్రైవరు కళ్లకెదురుగా. మిగిలిన సందులోంచి రోడ్డు కనబడితే కనబడింది.

అద్దం కింది మూలన గోరంత ముద్ర ఒకటుంటుంది. కారు మీద ఉన్న రాతలన్నిటిలోనూ ఎవరూ చదవనిది అదొక్కటే. తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు, లామినేటెడ్ గాజు అన్న సూచన అందులో ఉంటాయి. రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుందని, దెబ్బ తగిలినా ముక్కలు మొహం మీదికి ఎగరకుండా అదే పట్టుకుంటుందని దాని భావం. 1903లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వార్డ్ బెనెడిక్టస్ చేతిలోంచి జారిన గాజు కుప్పె పగిలింది గానీ చెదరలేదు. లోపల ఎండి పొరకట్టిన సెల్యులోజ్ నైట్రేట్ అనే ప్లాస్టిక్ పదార్థం గాజు ముక్కల్ని పట్టి ఉంచింది. 1909లో ఆయన పేటెంటు తీసుకున్నారు. పాపం, ఆ కాలంలో స్టిక్కర్లు లేవు కాబట్టి పొరను లోపల పెట్టవలసి వచ్చింది. మన అద్దాలకు ఆ ఖర్చు దండగ.

దుకాణంలో అసలు బేరం లోగో దగ్గర మొదలవుతుంది. కారు కంపెనీ లోగో ఉన్న అద్దానికి ఒక ధర, లేనిదానికి అంతకన్నా బాగా తక్కువ ధర. "రెండూ ఒకే ఫ్యాక్టరీలోవి సార్" అంటాడు దుకాణదారు. చాలాసార్లు అది నిజమే. అయినా మనం లోగో ఉన్నదే కొంటాం. కొని, ఇంటికి వచ్చి, సరిగ్గా ఆ లోగో మీదే పార్కింగ్ చీటీ అంటిస్తాం.

చట్టానికి మాత్రం వెలుతురు మీద విపరీతమైన మమకారం. 1989 నాటి మోటారు వాహనాల నిబంధనలు ముందద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు దూరాలన్నాయి. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు పీకించింది. 'మాజీ డైరెక్టర్, మార్కెట్ కమిటీ' అన్న అక్షరాల గుండా ఎంత వెలుతురు దూరాలో ఎవరూ సెలవివ్వలేదు.

కొత్త కార్లతో ఇంకో పేచీ. రోడ్డును చూసి బ్రేకు వేసే కెమెరా ఒకటి అద్దం పైభాగాన కూర్చుంటుంది. దాని ముందు ఏమీ అంటించకూడదట, అద్దం మార్చినప్పుడల్లా దాని చూపు మళ్లీ సరిచేయించాలట. మన డబ్బుతో కొన్న స్థలాన్ని కెమెరా కబ్జా చేసిందన్నమాట.

బిగించాక జిగురు ఆరేదాకా ఆగమని, తలుపులు ధడాలున వేయొద్దని మెకానిక్ ప్రాధేయపడతాడు. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ఆ అద్దాన్నే ఆనుకుని నిలబడుతుంది. అద్దం ఊడితే ఆనుకోవడానికేమీ ఉండదు. కానీ ముహూర్తం దాటిపోతోంది, నిమ్మకాయలు టైర్ల కింద పెట్టేశారు. ఇంకేం ఆగుతాం?

ఇంత ప్రణాళికలోనూ ఒక్కటి మరిచిపోతాం: ఫాస్టాగ్. పాతది పాత గాజుతోనే పోయింది. బ్యాంకు నుంచి కొత్తది వచ్చేసరికి మామయ్య గారి సంఘం స్టిక్కరుతో సహా అన్నీ స్థిరపడిపోయాయి. చట్టం అడిగే ఆ స్టిక్కరునే టోలుగేటు దగ్గర చేత్తో పైకెత్తి చూపిస్తాం. ఇలా చేతిలో పట్టుకుని చూపే ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెడతామని జాతీయ రహదారుల సంస్థ 2025 జులైలో ప్రకటించింది. అంటించమనడం తేలికే. ఏ స్టిక్కరు పీకి అంటించాలో, పీకాక మామయ్య గారికి ఏమని చెప్పాలో కూడా ఆ ప్రకటనలోనే రాసి ఉండాల్సింది.