క్షిపణిని నడపగలదు, పెన్‌డ్రైవ్ చదవలేదు

2000 మార్చి 4న జపాన్‌లో ప్లేస్టేషన్ 2 అనే వీడియో గేమ్ పెట్టె దుకాణాల్లోకి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే అక్కడి ప్రభుత్వానికి అనుమానం పట్టుకుంది. ఈ పెట్టె బొమ్మలు గీసే జోరు చూస్తే క్షిపణికి దారి చూపించడానికి కూడా పనికొచ్చేలా ఉంది, దేశం దాటించాలంటే అనుమతి ఉండాల్సిందే అని ఎగుమతి మీద ఆంక్ష పెట్టింది. నవ్వులాటకి అంటున్న మాట కాదు, జరిగిన సంగతి.

పాతికేళ్లు గడిచాక ఆ క్షిపణి చోదక యంత్రం మా హాల్లో, టీవీ కింద, సెట్‌టాప్ బాక్సుకీ రామకోటి పుస్తకాలకీ మధ్య కూర్చుని ఉంది. 64 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చి దాని ముక్కులో పెట్టాను. కాసేపు ఆలోచించింది. తర్వాత ఖాళీ తెర చూపించింది. పెన్‌డ్రైవ్‌లో ఆట ఉందని నాకు తెలుసు, మా అబ్బాయికి తెలుసు, ల్యాప్‌టాప్‌కి తెలుసు. తెలియాల్సిన వాడికే తెలియలేదు.

ఆ రాత్రి దేశానికి పనికొచ్చే ఆలోచన ఒకటి తట్టింది. డిజిటల్ పాలన, స్మార్ట్ సిటీ, కృత్రిమ మేధ అని మైకు పట్టుకునే ప్రతి మనిషికీ ముందుగా ఒక పరీక్ష పెట్టాలి. కంపెనీ వేసిన డిజిటల్ తాళం తప్పించే చిప్ వేయించిన పీఎస్2, ఒక పెన్‌డ్రైవ్, ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి గదిలో కూర్చోబెట్టాలి. ఆట మొదలైతే మైకు ఇవ్వాలి. మొదలు కాకపోతే మంచినీళ్లిచ్చి ఇంటికి పంపాలి. సభలు బాగా తగ్గుతాయి, ట్రాఫిక్ కూడా.

ఈ ప్రతిపాదన గాల్లోంచి రాలేదు. నేనే ఆ పరీక్ష రాశాను. వివరంగా మనవి చేసుకుంటాను.

మా పెట్టె 2005లో కొన్న స్లిమ్ మోడల్. రెండేళ్లకి మా బావమరిది దాన్ని సంచిలో పెట్టుకుని తీసుకెళ్లి చిప్ వేయించుకొచ్చాడు. అప్పట్లో దుకాణాల్లో "చిప్‌తో కావాలా, చిప్ లేకుండానా?" అని అడిగే తీరు, టిఫిన్ సెంటర్లో "ఉల్లి వేయమంటారా?" అని అడిగినట్టే ఉండేది. నేను చట్టమంటే భయభక్తులున్నవాణ్ని. 2012లో కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ చేర్చి, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి డిజిటల్ తాళం తప్పిస్తే రెండేళ్ల వరకూ జైలు, పైన జరిమానా అన్నారు. మా చిప్ అంతకు ఐదేళ్ల ముందే పడింది. ఇక ఉద్దేశం అంటారా, మా ఇంట్లో ఆ శాఖ మొదట్నుంచీ బావమరిది చూసుకుంటున్నాడు.

చిప్ పడ్డాక పెట్టెకి స్వేచ్ఛ వచ్చిందన్నాడు వాడు. ఏ డిస్కయినా తింటుంది అన్నాడు. తిన్నది, పదేళ్లు. తర్వాత పళ్లూడాయి. డిస్క్ వేస్తే లోపల గరగరమని తిరగడం, "డిస్క్ రీడ్ ఎర్రర్" అనడం. లేజర్ పోయిందని అంతా తేల్చేశారు. లేజర్ పోతే డిస్కుతో పనేముంది, మెమరీ కార్డులో ఫ్రీ మెక్‌బూట్ అనే ప్రోగ్రాం వేసి ఆటల్ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపించొచ్చు అని బావమరిది మళ్లీ రంగంలోకి దిగాడు. 8 ఎంబీ కార్డు. ఇవాళ ఫోన్లో గుడ్ మార్నింగ్ వీడియో ఒక్కటి కూడా అందులో పట్టదు. అదే ఈ యంత్రానికి కొత్త బుర్ర.

ఇంతకీ ఏ ఆట కోసం ఈ తిప్పలని అడగొచ్చు. 2009లో ఈ పెట్టె కోసం హైదరాబాద్‌లోనే తయారైన ఆట ఒకటుంది, "హనుమాన్: బాయ్ వారియర్". దేవుణ్ణి మీటలు నొక్కి ఆడించడమేమిటని అప్పట్లో అభ్యంతరాలు కూడా వచ్చాయి. దాని అసలు డిస్కు, రసీదు ఇచ్చి మరీ కొన్నది, మా అటక మీద దొరికింది. మా అబ్బాయి పట్టుబట్టాడు. లేజర్ లేదు కదా, డిస్కుని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, అక్కణ్నుంచి పెన్‌డ్రైవ్‌లోకి దించాను. ఆడించడం చూసి నొచ్చుకున్న భక్తులు, లోడ్ చేయడం చూసి ఉంటే అప్పటి అభ్యంతరాన్ని వెనక్కి తీసుకునేవారు.

నూరు యోజనాల సముద్రాన్ని ఒక్క గెంతులో దాటినవాడు మా ఇంట్లో ఏ దారిన రావాల్సి వచ్చిందో చూడండి. పీఎస్2 ముఖం మీద రెండు యూఎస్‌బీ రంధ్రాలున్నాయి. ఇవి 1.1 రకం. కాగితం మీద సెకనుకి 12 మెగాబిట్లు, అంటే ఒకటిన్నర ఎంబీ. చేతికి వచ్చేసరికి ఒక ఎంబీ కూడా ఉండదు. అదే పెట్టెలోని డీవీడీ డ్రైవ్ సెకనుకి ఐదు ఎంబీలు చదివేది. పాతదాన్ని తీసేసి కొత్తది పెడితే వేగం ఐదో వంతుకి పడిపోవడం మనకి అలవాటు లేని విషయమేమీ కాదు, కానీ ఇంట్లో జరిగితే మనసు కష్టపడుతుంది. ఆటల మధ్యలో వచ్చే వీడియోలు నత్తి నత్తిగా నడుస్తాయి. వీరుడు కత్తి ఎత్తుతాడు. మనం టీ కలుపుకుని వస్తాం. కత్తి దిగుతుంది.

తప్పు కంపెనీదని నేననను. ఆ రంధ్రాలు కీబోర్డుకి, మౌస్‌కి, టీవీ ముందు గెంతడానికి పెట్టే కెమెరాకి, పాటలు పాడే మైకుకి పెట్టినవి. వాకిట్లో చెప్పులు విడిచే చోటు మనం పెళ్లివారిని దింపుతామంటే ఇల్లు ఏం చేస్తుంది?

ఇక లోపలి వ్యవహారం. ఈ యంత్రం పెద్ద ప్రాసెసర్ పేరు ఎమోషన్ ఇంజిన్. భావోద్వేగాలన్నీ మాత్రం మావే. ఆ దొరగారు పెన్‌డ్రైవ్‌ని స్వయంగా ముట్టుకోరు. యూఎస్‌బీ, మెమరీ కార్డు, మీటల పెట్టె, నెట్‌వర్క్, ఈ తాపత్రయమంతా చూసేది వేరే ప్రాసెసర్. అది మరెవరో కాదు, 1994 నాటి తొలి ప్లేస్టేషన్‌లో గుండెకాయగా ఉన్నదే. మా మోడల్ దాకా దాన్నే కొనసాగించారు. పదవీ విరమణ చేసిన పెద్ద గుమాస్తాని కాంట్రాక్టు మీద మళ్లీ పిలిచి ఇన్‌వర్డ్ సెక్షన్లో కూర్చోబెట్టినట్టు. చేతికిచ్చిన జ్ఞాపకశక్తి 2 ఎంబీ. అందులోనే మన కాగితాలన్నీ చూడాలి. అలాంటాయన చేతికి 64 జీబీ కట్ట తీసుకెళ్లి ఇస్తే కళ్లద్దాలు సవరించుకోక ఏం చేస్తాడు?

ఆయన నిబంధనలు ఆయనకున్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి ఫ్యాట్32 అయి ఉండాలి. నేను కొన్నది ఎక్స్‌ఫ్యాట్‌లో వచ్చింది. మార్చమని విండోస్‌ని అడిగితే, 32 జీబీ దాటిన దాన్ని ఫ్యాట్32 చేయడానికి ఆ జాబితాలో అసలు అవకాశమే చూపించలేదు. చేయలేక కాదు, చేయకూడదని ఎప్పుడో ఎవరో అనుకున్నారు, అంతే. వేరే సాఫ్ట్‌వేర్ వెతికి మార్చాను. పెన్‌డ్రైవ్ నుంచి ఆటని ఎక్కించే ప్రోగ్రాం, అదే లోడర్, కొత్త వెర్షన్ ఎక్స్‌ఫ్యాట్ కూడా ఒప్పుకుంటుందని ఇదంతా అయ్యాక బావమరిది చల్లగా చెప్పాడు. మా కార్డులో ఉన్నది పాతదట.

ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ మించకూడదు. డీవీడీ అంటే 4.7 జీబీ. కాబట్టి పెద్ద ఆటల్ని ఒక్కో జీబీ చొప్పున, ఆవకాయకి కాయ కొట్టినట్టు, ముక్కలు చేయాలి. దానికో చిన్న ప్రోగ్రాం ఉంది. ముక్కలు చేసి పెడితే అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఫైలు డ్రైవ్ మీద ఎక్కడా తెగకుండా ఒకే వరుసలో ఉండాలి. సంక్రాంతికి కుటుంబమంతా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వరుస బెర్తులు అడిగినట్టు. నాన్నకి ఎస్4, అమ్మకి ఎస్9 ఇస్తే మనం సర్దుకుని వెళ్తాం, ఇది బండెక్కదు. ఫైలు చెల్లాచెదురుగా ఉందని మొహాన చెప్పి ఆగిపోతుంది. అప్పుడు పెన్‌డ్రైవ్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టి డీఫ్రాగ్ చేయాలి. కొన్ని గంటల పని.

డీఫ్రాగ్ అన్న మాట విని మా ఇంట్లో చాలా ఏళ్లయింది. చిన్న చిన్న రంగు గళ్లు ఒకదాని పక్కకి ఒకటి జరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి వెనకాల నిలబడింది.

"ఏమండీ, ఇదేనా ఆట?"

ఆట కాదని వివరించాను. నిజానికి ఈ పెట్టె కూడా ఆట పెట్టె కాదని చెప్పాను. ఇది నా మాట కాదు. యూరప్‌లో ఆ కంపెనీయే, మాది ఆడుకునే వస్తువు కాదు, కంప్యూటరు అని కోర్టుకెళ్లి వాదించింది. కంప్యూటర్ అయితే దిగుమతి సుంకం తక్కువ. ఆ వాదనకి బలంగా ఉంటుందని పెట్టెతో ఇచ్చే డిస్కులో బేసిక్ ప్రోగ్రామింగ్ భాష కూడా పెట్టారని చెప్పుకుంటారు. అంటే మనం చేస్తున్నది ఆట కాదు, కంప్యూటర్ విద్య.

"అయితే దాంట్లో కరెంటు బిల్లు కట్టండి, ఇవాళే ఆఖరు" అని వెళ్లిపోయింది.

మర్నాడు బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఇంకా యూఎస్‌బీతోనే ఉన్నావా? స్లిమ్‌కి వెనకాల నెట్‌వర్క్ పోర్టు ఉంది కదా. కేబుల్ లాగి ల్యాప్‌టాప్‌కి కలిపెయ్. పది రెట్లు స్పీడు." వీడు పది రెట్లు అన్నాడంటే రెండు రెట్లు అయి ఉంటుంది, అదీ నాకు లాభమే అనుకుని కేబుల్ కొన్నాను. ఐపీ అడ్రసులు రెండు వైపులా ఇచ్చాను. పాస్‌వర్డు పెట్టాను. కలవలేదు. పాస్‌వర్డు తీసేశాను. కలవలేదు. రాత్రి పదకొండింటికి తెలిసిందేమిటంటే, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడానికి ఈ పెట్టెకి వచ్చిన భాష ఎస్ఎంబీ1 ఒక్కటే. విండోస్ 2017 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచీ ఆ భాషని మాట్లాడటం మానేసింది.

ఆ భాషతో ఎంత ప్రమాదమో మన రాష్ట్రాల వాళ్లకి చెప్పక్కర్లేదు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళాలేసి బిట్‌కాయిన్లు అడిగింది. ఆ ఎస్ఎంబీ1లో ఉన్న కంతలోంచే దూరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయంలో కూడా కొన్ని పడ్డాయి. పోలీసుల్నీ వదలని, ఏడుకొండలవాడి ఆఫీసునీ వదలని ఆ తలుపుని, బాల హనుమంతుడు రావడానికి నా చేత్తో నేనే తెరవాలి. కంట్రోల్ ప్యానెల్లో ఒక చిన్న గడి. దానిలో టిక్ పెట్టాలి. కంత పూడ్చే మందు ఎప్పుడో వేసి ఉంటుందిలే అనుకుని, దండం పెట్టుకుని టిక్ పెట్టాను.

పొరపాటు ఎక్కడంటే, ల్యాప్‌టాప్ ఆఫీసుది.

ఉదయం తొమ్మిదిన్నరకి ఐటీ విభాగం నుంచి ఫోన్. కుర్రాడు చాలా మర్యాదగా మాట్లాడాడు.

"సార్, మీ మెషీన్లో ఎస్ఎంబీ1 ఆన్ అయినట్టు చూపిస్తోంది. మీరే చేశారా సార్?"

"నేనే చేశాను."

"ఎందుకో తెలుసుకోవచ్చా సార్? రిపోర్టులో రాయాలి."

"హనుమంతుడి కోసం."

అవతల నిశ్శబ్దం. కీబోర్డు చప్పుడు కూడా ఆగిపోయింది.

"సార్... ఆఫ్ చేసేయండి సార్, ప్లీజ్. సైబర్ సెక్యూరిటీ ట్రైనింగ్ మళ్లీ పంపిస్తున్నాను. నలభై నిమిషాలే. చివర్లో క్విజ్ ఉంటుంది."

క్విజ్‌లో తొలి ప్రశ్న, తెలియని పెన్‌డ్రైవ్ దొరికితే ఏం చేస్తారు అని. పెన్‌డ్రైవ్ నాకు తెలిసినదే, దానికే నేను తెలియడం లేదు అన్న సమాధానం నాలుగింట్లోనూ లేదు.

పరీక్ష గురించి నా ప్రతిపాదన ఈ దశకి వచ్చేసరికి ఇంకా గట్టిపడింది. పాఠ్యాంశంలో గుమాస్తా శాస్త్రం, ముక్కల విభజన, బెర్తుల కేటాయింపు, అంతర్జాతీయ సుంకాల న్యాయం, సైబర్ భద్రత అన్నీ వచ్చేశాయి. యూనివర్సిటీలో ఇన్ని సబ్జెక్టులు ఒకే పెట్టెలో పెట్టి చెప్పే కోర్సు లేదు. విన్నపం రాయడం కూడా మొదలుపెట్టాను.

ఆదివారం మళ్లీ పెన్‌డ్రైవ్ దగ్గరికే వచ్చాను. పోయిన డీఫ్రాగ్ సరిగ్గా జరగలేదని అనుమానం. పడగ్గదిలో కూర్చుని, తలుపేసుకుని, మొదట్నుంచి మొదలుపెట్టాను. హాల్లో మా అమ్మ షుగర్ చూసుకుంటోంది. ఆవిడకి రోజూ ఓ పది నిమిషాల కార్యక్రమం అది, దూది, స్పిరిట్ సీసా, సూది, చిన్న యంత్రం అన్నీ ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి. మా అబ్బాయి పక్కన కూర్చుని పెట్టె మూత తీసి చూపిస్తున్నాడు. "నానమ్మా, ఈ గాజు బొట్టుంది చూడు, ఇది చదివేదట. పోయిందట."

"పోవడమేంట్రా, మసి పట్టినట్టుంది" అంటోంది అమ్మ. "మీ తాతయ్య టేప్ రికార్డర్ పాట బొంగురుపోయినప్పుడల్లా నేనే తుడిచేదాన్ని. ఆ దూది ఇటివ్వు."

నేను పట్టించుకోలేదు. నా గళ్లు జరుగుతున్నాయి.

కాసేపటికి హాల్లోంచి ఏదో సంగీతం. తర్వాత మా ఆవిడ గొంతు.

"ఏమండీ, హనుమంతుడు వచ్చాడు, రండి! డిస్కుతోనే వచ్చాడు."

"వస్తున్నా, ఉండు" అన్నాను. "ఇంకా అరవై మూడు శాతంలో ఉంది."