విద్యార్థి గ్యాలరీలు ఎందుకు ఖాళీ అయ్యాయి?

అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ (మనకు తెలిసిన సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) స్టేడియాల్లో విద్యార్థులకు కేటాయించిన గ్యాలరీలు నిండడం లేదన్న ఆందోళన పదేళ్లకు పైగా వినిపిస్తూనే ఉంది. అగ్రశ్రేణి జట్లున్న సుమారు 50 ప్రభుత్వ విశ్వవిద్యాలయాల లెక్కలు సేకరించిన వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక, విద్యార్థుల సగటు హాజరు 2009తో పోలిస్తే 7.1 శాతం తగ్గిందని 2014లో వెల్లడించింది. ఈ ఆటకు పెట్టింది పేరైన జార్జియా విశ్వవిద్యాలయంలోనే నాలుగు సీజన్ల పాటు విద్యార్థుల సీట్లలో 39 శాతం వరకు ఖాళీగా ఉండిపోయాయని ఆ కథనం చెప్పింది. 2018 నాటికి అగ్రశ్రేణి జట్ల మ్యాచ్‌లకు వచ్చే మొత్తం ప్రేక్షకుల సగటు సైతం 41,856కు పడిపోయింది. 1996 తర్వాత అంత తక్కువ హాజరు అదే. కోవిడ్ అనంతరం మొత్తం హాజరు కొంత కోలుకున్నా, విద్యార్థికి ఆ స్టేడియంలో దక్కుతున్న స్థానమేమిటన్న ప్రశ్న అలాగే ఉంది.

ఈ తరానికి చేతిలో ఫోన్ తప్ప మరొకటి పట్టదని, ఓపిక లేదని, కళాశాల పట్ల అభిమానం సన్నగిల్లిందని పెద్దలు తేలిగ్గా తీర్పు చెబుతున్నారు. ఈ తీర్పుతో మేము ఏకీభవించలేము. నాలుగు దశాబ్దాలుగా విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాలు తీసుకున్న నిర్ణయాలను వరుసగా చూస్తే, విద్యార్థులు ఆటకు దూరం కావడం కంటే ఆటను వారికి దూరం చేయడమే ఎక్కువగా జరిగిందని అర్థమవుతుంది.

ఈ ఆట పుట్టిందే విద్యార్థుల చేతుల్లో. 1869 నవంబరు 6న న్యూబ్రన్స్‌విక్‌లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల విద్యార్థులు ఆడిన మ్యాచ్‌నే కళాశాల ఫుట్‌బాల్‌కు ఆరంభంగా పరిగణిస్తారు. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో నేటికీ విద్యార్థులు మ్యాచ్ సాగినంతసేపూ గ్యాలరీలో నిలబడే ఉంటారు. 1922 జనవరిలో డల్లాస్‌లో జరిగిన మ్యాచ్‌లో ఆ జట్టు ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు గాయపడుతుంటే, కింగ్ గిల్ అనే విద్యార్థిని ప్రేక్షకుల్లోంచి పిలిపించి ఆట దుస్తులు వేయించి సిద్ధంగా నిలబెట్టారు. అతడు మైదానంలోకి దిగాల్సిన అవసరం రాలేదు గాని, అవసరమైతే దిగడానికి మేమూ సిద్ధమేనని చెప్పడానికే వందేళ్లుగా అక్కడి విద్యార్థులు కూర్చోకుండా నిలబడుతున్నారు. లక్షకు పైగా సీట్లున్న స్టేడియంలో వేలాది మంది యువతీయువకులు మూడు గంటలకు పైగా నిలబడి కేకలు వేసే ఇలాంటి సంప్రదాయాన్ని ఏ ప్రచార సంస్థా డబ్బిచ్చి సృష్టించలేదు. విశ్వవిద్యాలయ జట్టుకూ వృత్తిపరమైన క్లబ్బుకూ తేడా చూపేది ఆ గ్యాలరీయే.

టెలివిజన్ ఆ గ్యాలరీని దెబ్బతీస్తుందన్న భయం కొత్తదేమీ కాదు. ప్రసారాలు పెరిగితే జనం స్టేడియానికి రారన్న ఆందోళనతోనే జాతీయ కళాశాలల క్రీడా సంఘం (ఎన్‌సీఏఏ) 1950ల ఆరంభంలో మ్యాచ్‌ల ప్రసారంపై గట్టి ఆంక్షలు విధించింది. ఆ నియంత్రణ వ్యాపార పోటీని కాపాడే చట్టానికి విరుద్ధమని 1984లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో కొట్టివేసింది. భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి బైరన్ వైట్ ఒకప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయం తరఫున దేశమంతా పేరు తెచ్చుకున్న ఫుట్‌బాల్ ఆటగాడు. కళాశాల క్రీడను కేవలం వ్యాపారపు కొలబద్దతో చూడరాదన్నది ఆయన వాదన. తీర్పు చట్టపరంగా సరైనదే కావచ్చు, కానీ ఆ తర్వాత జరిగిన పరిణామాలు ఆయన ఆందోళనకే బలం చేకూర్చాయి. 2022లో పలు పెద్ద విశ్వవిద్యాలయాల జట్లు కలిసి ఆడే బిగ్ టెన్ సమాఖ్య మూడు ప్రసార సంస్థలతో ఏడేళ్లకు కుదుర్చుకున్న ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్లకు పైమాటే.

అంత సొమ్ము చెల్లించేవారు ఆట వేళలనూ తామే నిర్ణయిస్తారు. మ్యాచ్ ఎన్ని గంటలకు మొదలవుతుందో 12 రోజుల ముందు, ఒక్కోసారి ఆరు రోజుల ముందు మాత్రమే తేల్చే పద్ధతి ఎన్నో సీజన్ల పాటు సాగింది. శని, ఆదివారాల్లో దుకాణాల్లోనో రెస్టారెంట్లలోనో పనిచేసి ఖర్చులు వెళ్లదీసుకునే విద్యార్థి ఆ వేళలకు తగ్గట్టు సెలవు ఎలా అడగగలడు? దక్షిణాది రాష్ట్రాల్లో సెప్టెంబరు ఎండ మాడ్చేస్తుంటే మధ్యాహ్నం మ్యాచ్ పెడతారు. మరో వారం అర్ధరాత్రి దాకా సాగేలా పెడతారు. అరవై నిమిషాల ఆట వాణిజ్య ప్రకటనల విరామాలతో సుమారు మూడున్నర గంటలు సాగుతుంది. వీడియో తీసేవారు సరేననే దాకా వధూవరులు, పురోహితుడు, చుట్టాలు అంతా ఆగి ఎదురుచూసే పెళ్లిళ్లు మనకు తెలిసినవే. ఆ స్టేడియాల్లో ప్రతి కొద్ది నిమిషాలకూ జరుగుతున్నది సరిగ్గా అదే. ఇంట్లో చూసేవారికి ప్రకటనలైనా కనిపిస్తాయి, గ్యాలరీలో ఉన్నవారికి మిగిలేది నిరీక్షణే.

ఇక ధర విషయానికి వస్తే మిషిగన్ విశ్వవిద్యాలయం అనుభవాన్ని ప్రతి క్రీడా పాలకుడూ చదవాలి. 2012లో అక్కడ 21 వేలకు పైగా విద్యార్థులు సీజన్ టికెట్లు (సీజన్‌లో సొంత మైదానంలో జరిగే మ్యాచ్‌లన్నింటికీ కలిపి ఇచ్చేవి) కొన్నారు. 2013లో యాజమాన్యం రిజర్వు సీట్ల పద్ధతి తీసేసి, ముందొచ్చినవారికే మంచి సీటు అంది. మిత్రులంతా ఒకచోట కూర్చునే వీలు పోయింది. సీజన్ టికెట్ ధర 300 డాలర్లకు చేరువైంది. 2014కల్లా కొన్నవారి సంఖ్య దాదాపు 12 వేలకు దిగజారింది. అదే ఏడాది ఒక మ్యాచ్‌కు రెండు కోకాకోలా సీసాలు కొన్నవారికి రెండు టికెట్లు ఇచ్చే పథకం బయటపడి వివాదమైంది. విద్యార్థులు సంతకాలు సేకరించారు, నిరసన తెలిపారు. అక్టోబరు 31న క్రీడా విభాగాధిపతి డేవ్ బ్రాండన్ రాజీనామా చేశారు. ఆయన స్థానంలో వచ్చిన జిమ్ హ్యాకెట్ 2015 సీజన్‌కు విద్యార్థుల టికెట్ ధరను 175 డాలర్లకు తగ్గించారు. గ్యాలరీ మళ్లీ నిండసాగింది. అప్పుడే కొత్త శిక్షకుడిగా జిమ్ హార్బా రావడం కూడా అందుకు తోడ్పడిన మాట నిజమే గాని, విద్యార్థుల మాట వినడంతోనే ఆ మార్పు మొదలైందని మరువరాదు.

అలబామా విశ్వవిద్యాలయం వేరే దారి పట్టింది. జట్టు ఘనంగా గెలుస్తున్నా విద్యార్థులు సగంలోనే లేచి వెళ్లిపోతున్నారని శిక్షకుడు నిక్ సేబన్ బహిరంగంగానే ఆవేదన చెందారు. ఆ ఆవేదనలో న్యాయం లేకపోలేదు. మైదానంలో చెమటోడుస్తున్నవారు కూడా విద్యార్థులే, సహాధ్యాయులు వెన్ను చూపితే వారి మనసు చివుక్కుమంటుంది. అయితే 2019లో విశ్వవిద్యాలయం తెచ్చిన పరిష్కారాన్ని మేము సమర్థించలేము. విద్యార్థి ఎక్కడున్నాడో ఫోన్ యాప్ ద్వారా కనిపెట్టి, మ్యాచ్‌కు వస్తే 100 పాయింట్లు, ఆటలో చివరి భాగమైన నాలుగో క్వార్టర్ దాకా ఉంటే మరో 250 పాయింట్లు ఇచ్చి, ఆ పాయింట్లను బట్టి కీలక మ్యాచ్‌ల టికెట్లలో ప్రాధాన్యం కల్పించారు. యాప్ వాడకం స్వచ్ఛందమే అయినా, చదువు చెప్పే సంస్థ తన విద్యార్థి కదలికలను గమనించి అభిమానాన్ని పాయింట్లలో తూచడం తగని పని. నాలుగో క్వార్టర్‌లో గ్యాలరీ ఎందుకు పలచబడుతోందో అడగాల్సింది మ్యాచ్‌లు ఖరారు చేసేవారిని. భారీ మొత్తం చెల్లించి బలహీనమైన జట్టును పిలిపించి, సగం ఆటకే ఫలితం తేలిపోయే మ్యాచ్‌ను సీజన్ టికెట్‌లో కలిపి అమ్ముతుంటే చివరిదాకా కూర్చోవడానికి కారణమేముంది?

పెద్ద తెరల టీవీలు, స్టేడియం బయట పార్కింగ్ స్థలాల్లో సాగే విందులు, వేల ఫోన్లు ఒకేసారి పనిచేయడంతో అందని సిగ్నల్ కూడా కారణాలే. వీటిలో కొన్నింటికి మందు లేదు. మందున్న వాటి మాటేమిటన్నదే మా ప్రశ్న.

ఈ విషయం తెలుగువారికి దూరపు ముచ్చట అనుకోనక్కర్లేదు. అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులలో తెలుగు రాష్ట్రాల పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. చాలా విశ్వవిద్యాలయాలు ట్యూషన్ రుసుముతో పాటు క్రీడల కోసం కూడా తప్పనిసరి ఫీజు వసూలు చేస్తాయి. ఇల్లు తాకట్టు పెట్టి పిల్లలను పంపిన తల్లిదండ్రులు సైతం, తమకు తెలియకుండానే ఆ ఫుట్‌బాల్ జట్ల ఖర్చులో పాలుపంచుకుంటున్నారు. ఫీజు కట్టించుకుని మళ్లీ టికెట్ కొనమనడం ఒకే సీటును రెండుసార్లు అమ్మడమే. మన పిల్లలు ఎందరో చేరుతున్న అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం ఈ విషయంలో కొంత నయం: 2014 నుంచి క్రీడా రుసుము వసూలు చేస్తూ, విద్యార్థులను టికెట్ కొనకుండానే మ్యాచ్‌లకు అనుమతిస్తోంది. ఫీజు తప్పనిసరి అయినచోట ప్రవేశం ఉచితం కావడం కనీస న్యాయం.

పరిస్థితి ఇకపై మరింత కఠినం కానుంది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ప్రకారం, ఒక్కో విశ్వవిద్యాలయం తన ఆటగాళ్లకు తొలి ఏడాది 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా చెల్లించవచ్చు. తమ శ్రమతో కోట్లు రాబట్టి పెట్టిన ఆటగాళ్లకు ఇది ఎప్పుడో దక్కవలసిన వాటా. కానీ ఆ సొమ్ము కోసం పాలకుల చూపు ముందుగా టికెట్ల మీదే పడుతోంది. టెనసీ విశ్వవిద్యాలయం 2025 సీజన్ టికెట్లపై ఆటగాళ్ల చెల్లింపుల కోసం ‘ప్రతిభా రుసుము’ పేరిట పది శాతం అదనపు వసూలును 2024లోనే ప్రకటించింది. జార్జియా 2013లోనే రెండు వేల విద్యార్థి సీట్లను యువ పూర్వ విద్యార్థులకు మళ్లించింది. ఖాళీగా ఉన్నాయి కాబట్టి అమ్ముతున్నామన్న ఈ వాదన రేపు ప్రతిచోటా వినిపించవచ్చు. ఖాళీ ఎందుకు అయ్యాయో విచారించకుండా సీట్లు తీసేస్తే, అవి తిరిగి విద్యార్థుల చేతికి రావు.

అందుచేత విద్యార్థుల సీట్ల సంఖ్య తగ్గించే, ధర పెంచే ప్రతి నిర్ణయానికీ ఎన్నికైన విద్యార్థి సంఘం ఆమోదాన్ని విశ్వవిద్యాలయాల పాలక మండళ్లు తప్పనిసరి చేయాలి. మిత్రులు పక్కపక్కన కూర్చునే వీలు కల్పించాలి. తదుపరి ప్రసార ఒప్పందాల్లో సొమ్ము గురించి బేరమాడినట్టే, ప్రకటనల విరామాల పరిమితి గురించి, సీజన్‌కు ముందే మ్యాచ్ వేళలు ఖరారు చేయడం గురించి కూడా బేరమాడాలి. బిగ్ టెన్ ఒప్పందం ఈ దశాబ్దం చివరిలో ముగియనుంది గనుక, ఆ షరతులను విద్యార్థి ప్రతినిధులతో కలిసి రాసుకునే పని ఇప్పటినుంచే మొదలుపెట్టాలి.