సవరణ: ఏథెన్స్ మెటిక్కుల పన్ను, ఇంటి హక్కు

ప్రాచీన గ్రీకు నగరం ఏథెన్స్‌లో స్థిరపడ్డ పరదేశులు, అంటే మెటిక్కులు, తలకు 12 డ్రాక్మాలు (వెండి నాణేలు) పన్ను కట్టి ఇల్లు కొనుక్కునేవారని ముందు పోస్టులో ఉంది. రెండూ సరిచేయాలి.

ఏడాదికి 12 డ్రాక్మాలు మగవాళ్లకే. సొంతంగా బతికే ఆడవాళ్లకు 6. కొడుకు కడుతుంటే తల్లికి అదీ లేదు. సొమ్ము చిన్నదే, ఎగ్గొడితే మాత్రం బానిసగా అమ్మేసేవారు! పూచీగా ఒక పౌరుడు (ప్రోస్టాటిస్) లేకపోయినా కేసే.

ఈ పన్నుకీ ఇంటికీ సంబంధం లేదు. భూమి, ఇల్లు కొనాలంటే పౌరసభ విడిగా ‘ఎంక్టెసిస్’ అనే ఆస్తి హక్కు ఇవ్వాలి, అది అరుదు. అందుకే పిరయస్ రేవులో వర్తకంతో బాగా గడించినవాడు కూడా సాధారణంగా అద్దె ఇంట్లోనే. యుద్ధమొస్తే సైన్యంలోకి రావాల్సిందే, ఓటు మాత్రం లేదు. ‘ఇసోటెలెయా’ (పన్నుల్లో పౌరులతో సమాన హోదా) దక్కితే ఆ 12 డ్రాక్మాలు మాఫీ. పౌరసత్వం అప్పుడూ రాదు.