ఎక్స్‌రే క్లియర్ అని పంపేయొద్దు

కీమోథెరపీ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి వారం పది రోజుల్లో జ్వరం తగిలితే మన పల్లెల్లో జరిగేది తెలిసిందే. ఆర్‌ఎంపీ సూది వేసి పారాసిటమాల్ ఇస్తాడు. తగ్గకపోతే మర్నాడు నెల్లూరికో ఒంగోలుకో బండెక్కిస్తారు. అక్కడ ఛాతీ ఎక్స్‌రే తీసి, ‘క్లియర్‌గానే ఉంది, టెన్షన్ పడకండి’ అంటారు. ఆ భరోసా మీదే మా అభ్యంతరం.

న్యుమోనియా ఎక్స్‌రేలో తెల్లటి మచ్చగా కనబడేది క్రిముల వల్ల కాదు. వాటి మీదికి వచ్చిన తెల్లకణాలు, ఊరిన ద్రవం గాలిగదుల్లో నిండడం వల్ల. కీమో తర్వాత సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అడుగంటుతాయి. మైక్రోలీటరు రక్తంలో 1,500కు పైగా ఉండాల్సినవి 500 లోపుకు దిగితే, ఇక మచ్చ ఎక్కడి నుంచి వస్తుంది? కఫం పడదు, దగ్గూ అంతంతమాత్రమే. మిగిలేది జ్వరం ఒక్కటే. స్టెరాయిడ్లు వాడుతున్న వారిలో కొందరికి అదీ ఉండదు.

జ్వరం రెండు రోజులు దాటినా తగ్గని ఇలాంటి రోగుల్లో, ఎక్స్‌రే మామూలుగా ఉన్నా సగానికి పైగా సందర్భాల్లో హెచ్‌ఆర్‌సీటీలో, అంటే ఊపిరితిత్తులను పలుచటి పొరలుగా చూపే సీటీ స్కాన్‌లో, న్యుమోనియా జాడలు దొరికాయని జర్మనీ వైద్యులు 1999లోనే ప్రచురించారు. గడ్డ చుట్టూ మసక వలయం కనిపిస్తే ఆస్పర్‌జిల్లస్ ఫంగస్‌ను అనుమానిస్తారు. రెండు ఊపిరితిత్తులూ ఆవిరి పట్టిన అద్దంలా ఉంటే న్యుమోసిస్టిస్ అనే మరో ఫంగస్‌ను. జ్వరమనగానే మొదలుపెట్టే మామూలు యాంటీబయాటిక్స్‌కు ఈ రెండూ లొంగవు. మన దేశంలో టీబీని కూడా మరవకూడదు. సీటీ క్రిమి పేరు చెప్పదు, ఎటు వెతకాలో చెబుతుంది.

జ్వరమొచ్చిన ప్రతివాళ్ళకూ స్కాన్ తీయమని మేము అనడం లేదు. రేడియేషన్ ఉంది, ఖర్చుంది. మొదటి యాంటీబయాటిక్ గంటలోపే పడాలి. స్కాన్ కోసం దాన్ని ఆపితే అసలుకే మోసం. కానీ మందు వేశాక కూడా జ్వరం దిగకపోతే, ఆయాసం మొదలైతే, ఆక్సిజన్ తగ్గుతుంటే ఇంకో ఎక్స్‌రేతో సరిపెట్టడమెందుకు? ఈ సీటీకి సాధారణంగా రంగు మందు ఎక్కించే పనే లేదు. నిమిషాల్లో అయిపోతుంది.

వైద్యం చెన్నైలోనో, వేలూరులోనో, తిరుపతిలోనో జరుగుతుంది. జ్వరం మాత్రం ఉదయగిరిలో, కనిగిరిలో వస్తుంది. అందుకే బాధ్యత జిల్లా కేంద్రాలది. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రుల్లో కీమో రోగి జ్వరంతో వస్తే క్యూలో నిలబెట్టకుండా రక్తపరీక్ష చేయాలి. సీటీ అవసరమైతే అదే రోజు తీసి, రిపోర్టు కూడా ఆ రోజే ఇవ్వాలి. స్కాన్ చీటీ మీద ‘జ్వరం’ అని ఒక్క ముక్క గీకి పంపితే రేడియాలజిస్టు మాత్రం ఏం చేస్తాడు? కీమో ఏ తేదీన అయింది, న్యూట్రోఫిల్స్ ఎన్ని ఉన్నాయి అన్నది రాయడానికి అర నిమిషం పట్టదు.

ఎన్టీఆర్ వైద్య సేవ కింద కీమోకు అనుమతి ఇచ్చేటప్పుడే, ఆ తర్వాత వచ్చే జ్వరానికి అయ్యే స్కాన్ ఖర్చు రోగి మీద పడకుండా ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. డిశ్చార్జి కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ‘100.4 డిగ్రీల జ్వరం దాటితే వెంటనే ఆసుపత్రికి రండి, రాత్రయినా సరే’ అని రాసి, కింద ఎత్తే ఫోన్ నంబరు ఒకటి ఇవ్వాలి. ఎత్తేది అని ఊరికే అనడం లేదు.