ఊరు ఒక్కటైతే చాలదు

2025 డిసెంబర్‌లో తెలంగాణలో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. దాదాపు రెండేళ్ల ప్రత్యేకాధికారుల పాలన పోయి, ఊళ్లకు మళ్లీ సర్పంచులొచ్చారు. బ్యాలెట్ మీద పార్టీ గుర్తులుండవు, ఉంగరం, కత్తెర, బ్యాట్ లాంటివే ఉంటాయి. ఏ గుర్తు వెనక ఏ కండువా ఉందో మాత్రం ప్రతి గడపకూ తెలుసు. ఓట్ల లెక్కింపు ఒక్క పూటలో అయిపోయింది, ఆ లెక్క తెచ్చిన పంచాదులు ఇంకా తెగలేదు. మనోడు అటు ఓటేశాడన్న అనుమానంతో అన్నదమ్ముల నడుమ పలకరింపులు బందయ్యాయి. ఒకే వాడకు రెండు వాట్సాప్ గ్రూపులు, ఒకే చవితికి రెండు మండపాలు మామూలైపోయాయి.

ఇలాంటప్పుడు అందరూ కలిసిమెలిసి ఉండాలని హితవు చెప్పి చేతులు దులుపుకోవడం తేలిక. మేం ఆ పని చేయదలుచుకోలేదు. ఉత్తర తెలంగాణలో ఊరు ఒక్కటి కావడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఎందుకోసం ఒక్కటవుతోంది, ఎవరి మీదికి ఒక్కటవుతోంది అన్నదే మమ్మల్ని కలవరపెడుతోంది.

నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల జిల్లాల్లో గ్రామాభివృద్ధి కమిటీ అంటే తెలియని వారుండరు. జనం నోట అది వీడీసీ. గుడి కట్టించినవి, బడికి ప్రహరీ లేపినవి, బోరు వేయించినవి వాటిలో ఉన్నాయి, కాదనం. కానీ వాటికి ఎన్నిక లేదు, ఆడిట్ లేదు, అడిగే దిక్కు లేదు. చాలాచోట్ల బెల్టు షాపులకు, ఇసుకకు అవే వేలం పాట పెడుతున్నాయి. అడిగినంత సొమ్ము కట్టలేమన్న పాపానికి గీత కార్మికుల కుటుంబాలను, ఎదురు మాట్లాడారని దళితవాడలను వెలివేసిన ఉదంతాలు ఏటా వార్తలకెక్కుతూనే ఉన్నాయి.

వెలి అనేది చాటింపుతో మొదలవుతుంది. తెల్లారేసరికి కిరాణా కొట్టువాడు ఉప్పు ప్యాకెట్ ఇవ్వడు. చెయ్యెత్తినా ఆటో ఆగదు. హోటల్లో చాయ్ పొయ్యరు. దుక్కికి మాట్లాడుకున్న ట్రాక్టరు రాదు, నాట్లకు కూలీలు రారు. వాళ్లతో మాట్లాడితే ఇంత జరిమానా అని ముందే చెప్పి ఉంటారు కనుక, నిన్నటిదాకా బాకీ పెట్టి సరుకులిచ్చిన మనిషి కూడా తల దించుకొని పక్కకు తప్పుకొంటాడు. వెలిపడ్డ వాళ్లను కోసేది ఆకలి కంటే ఆ తల దించుకోవడమే. ఆ దుకాణదారు చెడ్డవాడని మేం అనం. ఒంటరిగా కాదనే ధైర్యం అతనికి లేదు, కాదనడానికి ఊళ్లో ఒక చోటూ లేదు.

ఈ నేలకు బహిష్కరణ కొత్తది కాదు. 1978లో దొరల మీద రైతు కూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర రోజుల్లో వెట్టి చేసి అలసిన జనమే దొరలకు సాకలి, మంగలి పనులు బంద్ పెట్టారు. ఆ అలజడికి సర్కారు జవాబుగా అదే ఏడాది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చేతిలో ఏమీ లేనివారికి ‘నీ పని చెయ్యను’ అనడమొక్కటే అప్పట్లో మిగిలిన బలం. ఇవాళ ఆ బలం పెత్తందార్ల చేతికి పోయింది, దెబ్బ పడుతున్నది పనిచేసుకొని బతికే వాడల మీద. పేరు ఒకటే కనుక రెండూ ఒకటేనని వాదించేవారున్నారు. దొర కోట అయిన గడీకి ఎదురుతిరగడాన్ని, గడీలా ప్రవర్తించడాన్ని ఒక్క గాటన కట్టడాన్ని మేం ఒప్పుకోం.

చట్టంలోనూ ఒక కంత ఉంది. ఎస్సీ, ఎస్టీలను వెలివేస్తే 2015 సవరణ తర్వాత అత్యాచారాల నిరోధక చట్టం కింద అది నేరం. వెలిపడ్డది బీసీ కుటుంబమైతే అలాంటి ప్రత్యేక రక్షణ లేదు. పక్కనే ఉన్న మహారాష్ట్ర, ఏ కులం వారిని వెలివేసినా మూడేళ్ల దాకా జైలు పడేలా 2016లో చట్టం తెచ్చుకుంది. తెలంగాణ శాసనసభ కూడా అలాంటి చట్టం తేవాలి. ఈలోగా ఫిర్యాదు పట్టుకొచ్చిన వారిని ‘పెద్దమనుషులతో మాట్లాడుకోండి’ అని స్టేషన్ నుంచి తిప్పి పంపడం ఆగాలి. ఆ పెద్దమనుషుల మీదే కదా ఫిర్యాదు!

మన జనంలో మంచితనం కరువైందని మేం నమ్మం. 2023 జూలై 27 తెల్లవారుజామున వాగు ఊరిని ముంచెత్తితే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో డాబాలెక్కి, చెట్లెక్కి ఒకరినొకరు పట్టుకొని నిలిచిన మనుషులు మనవాళ్లే. ఆపద దాటాక కూడా కలిసి కూర్చోవాలంటే అందుకొక చోటు, ఒక పద్ధతి కావాలి.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో వరంగల్‌కు కూతవేటు దూరంలో, గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో చూడొచ్చు. అక్కడా ఉన్నవి కమిటీలే. నీళ్లకొకటి, పారిశుధ్యానికొకటి. అవి గ్రామసభకు లెక్క చెబుతాయి, అందుకే ఇంటి పన్ను బాకీ లేని ఊరిగా పేరొచ్చింది. 1980ల మొదట్లోనే సారాను వెళ్లగొట్టిన ఊరది, సర్పంచి నుంచి వార్డు సభ్యుల దాకా ఆడవాళ్లే పాలించిన ఊరది. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956లో పెట్టుకున్న సహకార సంఘం ఇప్పటికీ 14 గ్రామాల రైతులకు అండ. దాని బాటలోనే ఆ ప్రాంతపు మహిళలు సొంత డెయిరీ నిలబెట్టుకున్నారు. పాల కేంద్రం దగ్గర పొద్దున్నే నిలబడి చూడండి. ఏ ఇంటి పాలైనా వెన్న శాతం చూసే తీరు ఒకటే, ధర పట్టికా ఒకటే. చివరికి అన్ని కులాల పాలూ ఒకే క్యానులోకి పోతాయి. ఒకప్పుడు ఒకరి చెంబు ఒకరు ముట్టని ఊళ్లివి.

కొత్త సర్పంచులను మేం కోరేది పెద్ద పనేమీ కాదు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. జరుగుతున్నది వేరు. పంచాయతీ లెక్కలు రాసే కారోబార్ రిజిస్టరు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగితే సంతకాలు పడతాయి, సభ అయిపోయినట్టే. నిజంగా పెట్టినా పొద్దున పదకొండింటికి పెడతారు. నాట్లకు, ఉపాధి పనికి పోయిన ఆడమనిషి ఆ వేళకు ఎట్లా వస్తుంది? సభ పొద్దుగూకినాక పెట్టండి. ఒకసారి పంచాయతీ ఆఫీసు ముందు, మరోసారి ఎస్సీ కాలనీ కమ్యూనిటీ హాల్లో పెట్టండి. చాటింపు చివరి వాడ దాకా వేయించండి. ట్రాక్టరు డీజిల్‌కు ఎంతయింది, వీధి దీపాలకు ఎంతయింది, అన్నీ గట్టిగా చదివించండి. పనులకు, పారిశుధ్యానికి, దీపాలకు, మొక్కలకు చట్టం చెప్పిన నాలుగు స్థాయీ సంఘాలను కాగితం మీద వదిలేయకుండా, మీ చేతిలో ఓడిన అభ్యర్థిని అందులో ఒకదానికి పిలవండి. మొదట రాకపోవచ్చు, మళ్లీ పిలవండి.

అధికారుల పని కూడా మారాలి. సభ ఫొటో గ్రూపులో పెట్టించుకొని సరేననుకుంటే ఏదీ కదలదు. జిల్లా పంచాయతీ అధికారి నెలకొక ఊరి సభకు వెళ్లి, వేదికెక్కకుండా జనంలో కూర్చొని వినాలి. వెలివేత ఫిర్యాదులున్న ఊళ్లతోనే మొదలుపెట్టాలి.